తల్లికి రక్ష, బిడ్డకు చూపు: డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి జీవితం

తమిళనాడులోని మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లోనూ, వాటికి దక్షిణాన ఉన్న నల్లరేగడి సీమలోనూ తెలుగు మాట్లాడే పల్లెలు అనేకం ఉన్నాయి. విజయనగర ప్రభువుల కాలంలోను, ఆ తరువాత మధుర నాయక రాజుల ఏలుబడిలోను తెలుగు నేల విడిచి దక్షిణానికి తరలివెళ్లిన సైనికులు, రైతులు, నేతగాళ్ల సంతతివారు ఆ పల్లెల్లో స్థిరపడ్డారు. ఇంట తెలుగు, బడిలో తమిళం, పొలంలో పత్తి. తరాలు గడిచినా వారిలో చాలామంది ఇంటి భాషను వదులుకోలేదు. ఆ సీమ నుంచి పుట్టుకొచ్చి, లక్షలాది మంది పేదలకు చూపు ప్రసాదించిన మహావైద్యుడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. ఆయనను ప్రపంచం కంటి వైద్యునిగా ఎరుగును. అయితే ఆయన వైద్య విద్యకు పూనుకున్నది కళ్ల కోసం కాదు, కాన్పులో కన్నుమూస్తున్న తల్లుల కోసం. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. ఆయన జీవితకథ సరిహద్దు పల్లెల్లోని ప్రతి తల్లికీ, ప్రతి అత్తమ్మకూ తెలియదగినది.

బాల్యం, మూడు మరణాలు

వెంకటస్వామి 1918 అక్టోబరు 1వ తేదీన, నేటి తూత్తుకుడి జిల్లా ఎట్టయపురం ప్రాంతంలోని వడమలాపురం గ్రామంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో జన్మించారు. తండ్రి గోవిందప్ప సేద్యం చేసేవారు. తోబుట్టువులు ఐదుగురిలో వెంకటస్వామే పెద్ద. ఆనాడు పల్లెబడిలో పలకలు, కాగితాలు, పెన్సిళ్లు లేవు. పిల్లలు ఏటి ఒడ్డు నుంచి సన్నని ఇసుక తెచ్చి నేలపై పరచి, దానిమీద వేలితో అక్షరాలు దిద్దేవారు. తెల్లవారుజామున గేదెలను మేతకు తోలి, ఆ తరువాత కాలినడకన బడికి వెళ్లడం ఆ బాలుని నిత్యకృత్యం.

ఆ ఊరిలో వైద్యుడు లేడు. చుట్టుపక్కల ఊళ్లలోనూ లేడు. రోగం వస్తే పసరు మందు, కాన్పు వస్తే ఊరి మంత్రసాని. వెంకటస్వామికి పదేళ్లు నిండే లోపే ఆయనకు అక్కలు, వదినల వరుసయ్యే ముగ్గురు దగ్గరి బంధువులు నిండు గర్భిణులుగా ఉండగా, చివరి మాసాల్లో తలెత్తిన చిక్కులతో మరణించారు.  సీమంతపు గాజులు వేసుకున్న చేతులే కొద్ది వారాల్లో చితికి చేరడం ఆ పసివాని మనసుపై చెరగని ముద్ర వేసింది. తాను వైద్యుడినై ఇట్టి మరణాలను ఆపాలని ఆయన ఆ వయసులోనే నిశ్చయించుకున్నారు.

గర్భిణులకు చివరి మాసాల్లో వచ్చే ప్రమాదాలు పలు రకాలు. రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చే వ్యాధిని మన పెద్దలు గుర్రపువాతం అన్నారు. అధిక రక్తస్రావం మరొకటి. కాన్పు తరువాత తల్లికి సోకే చీము జ్వరం ఇంకొకటి. వీటికి తోడు, బొడ్డును కొడవలితోనో, తుప్పు పట్టిన కత్తితోనో కోసి, పుండుపై పేడ, బూడిద అద్దే అలవాటు వలన పుట్టిన వారం పది రోజులకే ధనుర్వాతంతో ఎందరో పసికందులు ప్రాణాలు వదిలేవారు. అంతవరకు చక్కగా పాలు తాగిన బిడ్డ దవడ బిగిసి, రొమ్ము పట్టలేక, ఒళ్లు విల్లులా వంగి పోయేవాడు. దిష్టి తగిలిందని, గాలి సోకిందని తలచి భూతవైద్యులను పిలిచేవారు. తల్లికి గర్భంతో ఉన్నప్పుడే టీకా ఇస్తే ఆ బిడ్డ బతుకుతాడని ఆనాటి పల్లెలకు తెలియదు.

విద్యాభ్యాసం, చేతులకు వచ్చిన ఆపద

వెంకటస్వామి మదురైలోని అమెరికన్ కళాశాలలో రసాయన శాస్త్రం ప్రధానాంశంగా 1938లో బి.ఏ. పట్టా పొందారు. పిమ్మట మద్రాసులోని స్టాన్లీ వైద్య కళాశాలలో చేరి 1944లో వైద్యవిద్య పూర్తి చేశారు. గాంధీ మహాత్ముని బోధనలు, అరవిందుల ఆధ్యాత్మిక చింతన ఆయనను యౌవనంలోనే ఆకర్షించాయి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, 1945లో, సైనిక వైద్య దళంలో చేరారు. ప్రసూతి వైద్యంలో నైపుణ్యం సంపాదించి, తమ ప్రాంతపు తల్లులకు సేవ చేయాలన్నదే అప్పటికీ ఆయన సంకల్పం.

విధి వేరొక విధంగా తలచింది. ముప్పై ఏళ్ల ప్రాయంలో ఆయనకు తీవ్రమైన కీళ్లవాతం సోకింది. కీళ్లన్నీ వాచి, కదలలేని స్థితి ఏర్పడింది. 1948లో సైనిక సేవ నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఏడాదికి పైగా మంచానికే అతుక్కుపోయారు. పక్కమీద ఒత్తిగిలడానికి సైతం మరొకరి సాయం కావలసి వచ్చేది. క్రమంగా లేచి నిలబడగలిగినా, చేతివేళ్లు శాశ్వతంగా వంకర తిరిగిపోయాయి. మొదట కలం పట్టడం కూడా సాధ్యపడలేదు. అట్టి చేతులతో, అట్టి దేహంతో గంటల తరబడి నిలిచి కాన్పులు చేయడం అసాధ్యం. బాల్యం నుంచి పెంచుకున్న ఆశయం అక్కడ తెగిపోయింది.

మరొకరైతే వైద్యవృత్తినే విడిచిపెట్టి ఉండేవారు. వెంకటస్వామి నేత్రవైద్యం వైపు మళ్లారు. 1951లో నేత్రవైద్యంలో డిప్లొమా, 1954లో ఎం.ఎస్. పట్టా సాధించారు. వంకర వేళ్లకు అనువుగా పరికరాలు అమర్చుకుని, శస్త్రం పట్టడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఆ వేళ్లతోనే ఒక్క రోజులో వంద వరకు శుక్లాల శస్త్రచికిత్సలు చేసే స్థాయికి చేరుకున్నారు. జీవితకాలంలో ఆయన స్వయంగా చేసిన కంటి శస్త్రచికిత్సలు లక్షకు పైబడినవి. ఈ మధ్యకాలంలో తండ్రి మరణించగా, పెద్దకొడుకుగా తమ్ముళ్ల, చెల్లెళ్ల చదువు సంధ్యల భారం తలకెత్తుకున్నారు. తాను మాత్రం వివాహం చేసుకోలేదు.

మదురైలో ఇరవై సంవత్సరాలు

1956లో మదురై వైద్య కళాశాలలో నేత్రవైద్య విభాగానికి అధిపతిగా, ప్రభుత్వ ఎర్స్కిన్ ఆసుపత్రిలో శస్త్రవైద్యునిగా నియమితులయ్యారు. నేడు రాజాజీ ఆసుపత్రిగా పిలిచేది దానినే. అక్కడ ఇరవై సంవత్సరాలు పనిచేశారు. రోగులు ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే రోగుల వద్దకు వెళ్లాలన్న ఆలోచనతో పల్లెపల్లెనా కంటి శిబిరాలు నడిపించారు. బడులు, సత్రాలు, కల్యాణ మంటపాలు శిబిరాలకు వేదికలయ్యాయి. ఆయన సేవలను గుర్తించి భారత ప్రభుత్వం 1973లో పద్మశ్రీ బిరుదుతో సత్కరించింది.

ఆ శిబిరాల్లో ఆయన చూసినది వృద్ధుల శుక్లాలను మాత్రమే కాదు. రెండేళ్లు, మూడేళ్లు నిండని పసిపిల్లలు నల్లగుడ్డు మెత్తబడి, కరిగి, శాశ్వతంగా అంధులవుతున్నారు. కారణం విటమిన్ ఏ లోపం. తట్టు జ్వరం తగిలిన బిడ్డ ఒంట్లో ఉన్న కాస్త విటమిన్ ఏ కూడా హరించుకుపోతుంది. తట్టు తగ్గే లోపే కళ్లు పోయిన పిల్లలు అనేకులు. పల్లెల్లో ఒంటిపై పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందని భావించి, వేపమండలు కట్టి, పథ్యం పేరిట బిడ్డకు ఆహారం తగ్గించేవారు. తల్లి ప్రేమలో లోపం లేదు, తెలియకపోవడమే లోపం.

దీనికి వెంకటస్వామి కనుగొన్న మార్గం మందుసీసాతో ముగిసేది కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవరసాయన శాస్త్రవేత్త ఆంటోనెట్ పిరీ సహకారంతో 1970ల తొలినాళ్లలో మదురైలో పోషకాహార కేంద్రం ఒకటి ఏర్పాటు చేశారు. కన్ను చెడే దశలో ఉన్న బిడ్డతో పాటు తల్లి కూడా అక్కడ ఉండాలి. తోటకూర, మునగాకు వంటి చౌకగా దొరికే ఆకుకూరలను ధాన్యంతో, పప్పుతో కలిపి వండి బిడ్డకు పెట్టడం తల్లి తన చేతులతో నేర్చుకోవాలి. ఇంటికి వెళ్లిన తరువాత ఆ వంట కొనసాగితేనే చికిత్స ఫలించినట్లు. బిడ్డ కంటిని కాపాడాలంటే ముందు తల్లిని చేరాలన్న సత్యం ఆ కేంద్రంతో ఆచరణలోకి వచ్చింది. ప్రసూతి వైద్యుడు కాలేకపోయిన మనిషి తల్లుల వద్దకే మరొక దారిన చేరుకున్నారు.

పదకొండు మంచాల ఆసుపత్రి

1976లో, 58వ ఏట, ప్రభుత్వ ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేశారు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో, మదురైలోని ఒక ఇంటిలో పదకొండు మంచాలతో కంటి ఆసుపత్రి తెరిచారు. తనకు ఆరాధ్యులైన అరవిందుల పేరు మీదుగా దానికి అరవింద్ అని నామకరణం చేశారు. చేతిలో పెట్టుబడి లేదు. తోబుట్టువులు, వారి జీవిత భాగస్వాములు అండగా నిలిచారు. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌స్వామి శస్త్రవైద్యులుగా, తమ్ముడు శ్రీనివాసన్ నిర్మాణ, ఆర్థిక వ్యవహారాలు చూసేవారిగా చేరారు. ఇల్లు తాకట్టు పెట్టి, ఉన్న నగలు కుదువబెట్టి కట్టడం సాగించారు.

చెల్లించగలిగినవారి వద్ద రుసుము తీసుకోవడం, లేనివారికి అదే నాణ్యతతో ఉచితంగా చికిత్స చేయడం ఆ ఆసుపత్రి నియమం. పల్లెల్లోని యువతులకు రెండేళ్ల శిక్షణ ఇచ్చి సహాయకులుగా తీర్చిదిద్దారు. 1985లో తేనిలో, 1988లో తిరునెల్వేలిలో, 1997లో కోయంబత్తూరులో, 2003లో పుదుచ్చేరిలో శాఖలు వెలిశాయి. విదేశాల్లో అధిక ధర పలికే కృత్రిమ కటకాలను స్వదేశంలో చౌకగా తయారు చేయడానికి 1992లో ఆరోల్యాబ్ నెలకొంది.

తెల్లని కంటిపాప వెనుక రహస్యం

ఆసుపత్రి పెరిగిన కొద్దీ పసిపిల్లల విభాగానికి వచ్చే తల్లుల సంఖ్యా పెరిగింది. నెలల బిడ్డ కంటిపాప నల్లగా ఉండవలసిన చోట తెల్లగా మెరుస్తున్నది. దీపం చూపితే బిడ్డ చూడడు. పుట్టుకతో వచ్చిన శుక్లం అది. ముసలివారికి వచ్చే శుక్లం తీస్తే చూపు తిరిగి వస్తుంది. పసిబిడ్డకు సకాలంలో తీయకపోతే మెదడు చూడడమే నేర్చుకోదు. తీసినా ఏళ్ల తరబడి కళ్లద్దాలు, పరీక్షలు తప్పవు. ఈ బిడ్డల్లో కొందరికి వినికిడి లేదు, కొందరి గుండెలో లోపం, కొందరి తల ఉండవలసినదానికంటే చిన్నది. కంటి వైద్యుడు శుక్లం తీయగలడు గాని చెవిని, గుండెను, మెదడును సరిచేయలేడు.

ఈ చిక్కుముడి విప్పినవాడు కూడా ఒక కంటి వైద్యుడే. వెంకటస్వామి మద్రాసులో వైద్య విద్యార్థిగా ఉన్న 1941వ సంవత్సరంలో, ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో నార్మన్ గ్రెగ్ అనే నేత్రవైద్యుడు పుట్టుకతో శుక్లాలున్న 78 మంది శిశువుల వివరాలు ప్రకటించారు. వారి తల్లుల్లో అత్యధికులు గర్భం దాల్చిన తొలి మాసాల్లో రుబెల్లా అనే జ్వరానికి గురైనవారేనని ఆయన గుర్తించారు. అంతవరకు ఆ జ్వరాన్ని ఎవరూ లెక్కచేసేవారు కారు. రెండు మూడు రోజులు సన్నని జ్వరం, ఒంటిపై పలుచని ఎర్రని దద్దు, చెవుల వెనుక బిళ్లలు. కొందరికి ఆ మాత్రం కూడా కనపడదు. అయితే అదే వైరస్ గర్భిణి రక్తం నుంచి మావిని దాటి, అప్పుడప్పుడే రూపు దిద్దుకుంటున్న పిండాన్ని చేరుతుంది. మొదటి మూడు నెలల్లో కన్ను, చెవి, గుండె ఏర్పడుతుంటాయి గనుక ఆ దశలో సోకితే హాని అత్యధికం. అట్టి తల్లుల్లో నూటికి తొంభై మంది వరకు బిడ్డలకు లోపం సంక్రమించే అవకాశం ఉంది. అమెరికాలో 1964, 65 సంవత్సరాల్లో ఈ జ్వరం వ్యాపించినపుడు సుమారు 20,000 మంది శిశువులు ఇట్టి లోపాలతో పుట్టారు. 1969లో దీనికి టీకా అందుబాటులోకి వచ్చింది.

మదురై ప్రాంతంలో ఈ జ్వరం పాత్ర ఎంత? లండన్ పరిశోధకులతో కలిసి అరవింద్ పసిపిల్లల విభాగపు వైద్యులు దీనిని పరిశీలించారు. వెంకటస్వామి జీవించి ఉండగానే, 1996లో, ఆ అధ్యయనం ప్రచురితమైంది. శుక్లాలతో వచ్చిన 366 మంది పిల్లలను వారు పరీక్షించారు. ఏడాది నిండని శిశువుల్లో దాదాపు నాలుగవ వంతు మందికి రుబెల్లాయే కారణమని తేలింది. అంటే నలుగురు పసికందుల్లో ఒకరి చీకటి, తల్లి ఒంట్లో ముందుగా రక్షణ ఉండి ఉంటే రాకుండా ఆగేది. కత్తితో తీసే శుక్లం కంటే టీకాతో రాకుండా చేసే శుక్లమే మేలైనదని ఆ అంకెలు చాటాయి.

తమ ఇంటి నుంచే ఆరంభం

ఊరికి చెప్పేముందు తమ ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలంటారు. అరవింద్ ఆసుపత్రి ఆ మార్గమే అనుసరించింది. రుబెల్లాతో పుట్టిన శిశువు నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది వరకు వైరస్‌ను బయటికి వదులుతూ ఉండవచ్చు. ఆ బిడ్డను ఎత్తుకునే, మందు వేసే యువ నర్సు గర్భిణి అయితే ఆమె కడుపులోని బిడ్డకు ముప్పు. కనుక మదురై, కోయంబత్తూరు, తిరునెల్వేలి ఆసుపత్రుల్లో సంతానవతులయ్యే వయసులోని మహిళా సిబ్బంది రక్తాన్ని పరీక్షించారు. రక్షణ ఉన్నవారే ఎక్కువ. అయినా నూటికి పదిమందికి పైగా రక్షణ లేనివారున్నారు. వారికి టీకా ఇచ్చారు. ఈ పని ఫలితాలు 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడ్డాయి. పల్లెల నుంచి వచ్చి ఆసుపత్రిలో చేరిన ఆ యువతులు రేపటి తల్లులు. వారి రక్షణ గురించి ముందుగా ఆలోచించడంలో ఆ సంస్థ దూరదృష్టి కనిపిస్తుంది.

వెంకటస్వామి 2006 జూలై 7వ తేదీన, 87 ఏళ్ల వయసులో, మదురైలో తుదిశ్వాస విడిచారు. ఆయన మరణానంతరం పదకొండేళ్లకు, 2017 ఫిబ్రవరిలో, తట్టు, రుబెల్లా రెండింటినీ నివారించే ఎం.ఆర్. టీకా ఉద్యమం దేశంలో మొదలైంది. తొలి విడతలో కర్ణాటక, తమిళనాడు, గోవా, పుదుచ్చేరి, లక్షద్వీప్ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో అదే ఏడాది ఆగస్టులో ఆరంభమైంది. తొమ్మిది నెలలు నిండినవారి నుంచి పదిహేనేళ్ల లోపు బాలబాలికలందరికీ టీకా వేయాలన్నది లక్ష్యం. తమిళనాడులో సెల్‌ఫోన్ సందేశాల ద్వారా టీకాపై వదంతులు చెలరేగి, కొందరు తల్లిదండ్రులు పిల్లలను ఆ రోజు బడికి పంపలేదు. ప్రభుత్వం గడువు పొడిగించవలసి వచ్చింది. ఇసుకలో అక్షరాలు దిద్దుకున్న కాలంలో అజ్ఞానం సమాచారం లేక వచ్చింది. నేడు తప్పుడు సమాచారం ఎక్కువై వస్తున్నది.

గర్భిణి తెలుసుకోవలసిన సంగతులు

ఈ మహనీయుని కథ చదివిన కుటుంబాలు కొన్ని విషయాలు స్పష్టంగా గ్రహించాలి. టీకాలన్నీ ఒకటి కావు. కొన్ని గర్భానికి ముందు వేయించుకోవాలి, కొన్ని గర్భంతో ఉండగానే వేయించుకోవాలి.

రుబెల్లా టీకాలో బలహీనపరచిన సజీవ వైరస్ ఉంటుంది. కనుక దానిని గర్భిణికి వేయరు. ఆడపిల్లకు బాల్యంలోనే వేయించాలి. ప్రభుత్వ పట్టిక ప్రకారం తొమ్మిదవ నెల నిండగానే ఒక మోతాదు, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండవ మోతాదు. తొమ్మిదవ నెలలో టీకాతో పాటే విటమిన్ ఏ చుక్కలు కూడా వేస్తారు. బాల్యంలో వేయించుకోని యువతి పెళ్లి కుదిరినప్పుడే వైద్యులను సంప్రదించడం మంచిది. టీకా వేయించుకున్న తరువాత కనీసం ఒక నెల గర్భం దాల్చకుండా ఉండాలి. మగపిల్లలకు కూడా తప్పక వేయించాలి. తమ్ముడో, మరిదో, భర్తో తెచ్చిన జ్వరమే ఇంటిలోని గర్భిణికి అంటుకోవచ్చు.

గర్భంతో ఉండగా తప్పనిసరిగా వేయించుకోవలసినది టి.డి. టీకా. పూర్వం టి.టి. ఇంజక్షన్ అని మన పల్లెల్లో అందరికీ తెలిసినదానికి బదులుగా వచ్చినది ఇదే. ధనుర్వాతంతో పాటు కంఠసర్పి నుంచి కూడా ఇది కాపాడుతుంది. గర్భం నిర్ధారణ కాగానే మొదటి మోతాదు, నాలుగు వారాల తరువాత రెండవది. గత మూడేళ్లలోపు కాన్పులో రెండు మోతాదులు పొందిన తల్లికి ఈసారి ఒక్కటి చాలు. టీకా వలన తల్లి రక్తంలో తయారైన రక్షక పదార్థాలు మావి ద్వారా బిడ్డకు చేరతాయి. పుట్టిన మొదటి వారాల్లో, తనకంటూ బలం లేని శిశువుకు అవే కవచం. ఈ టీకా, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన బ్లేడుతో బొడ్డు కోయడం అనే మూడింటి బలంతో భారతదేశంలో తల్లీశిశువుల ధనుర్వాతం నిర్మూలన స్థాయికి చేరిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ధనుర్వాతపు క్రిములు మట్టిలో, పేడలో ఎల్లప్పుడూ ఉంటాయి. కనుక టీకా మానితే వ్యాధి తిరిగి రాక తప్పదు.

సూది వేసిన చోట ఒకటి రెండు రోజులు నొప్పి, కొద్దిపాటి వాపు, నలత ఉండవచ్చు. దానివలన గర్భానికి హాని లేదు. ఫ్లూ వంటి ఇతర టీకాల విషయంలో వైద్యుల సలహా అనుసరించాలి. 2021 జూలైలో కోవిడ్ టీకాను గర్భిణులకు కూడా ప్రభుత్వం అనుమతించిన సంగతి పలువురికి గుర్తుండే ఉంటుంది.

పుట్టింటి పురుడు, రాష్ట్రపు ఎల్ల

సరిహద్దు పల్లెల్లో మరొక చిక్కు ఉంది. తొలికాన్పు పుట్టింట జరగాలన్నది మన ఆచారం. కోడలు అత్తవారింట ఒక రాష్ట్రంలో పేరు నమోదు చేయించుకుంటుంది. సీమంతం కాగానే పుట్టింటికి, ఎల్ల దాటి మరొక రాష్ట్రానికి వెళుతుంది. మొదటి టీకా ఇక్కడ, రెండవది అక్కడ. ఈ రాకపోకల్లో రెండవ మోతాదు తప్పిపోయే ప్రమాదం ఉంది. అత్తగారు పుట్టింటివారు వేయించారనుకుంటారు, వియ్యపురాలు అత్తవారింటే అయిపోయిందనుకుంటారు. ఇద్దరి నమ్మకాల నడుమ బిడ్డ రక్షణ జారిపోతుంది.

దీనికి పరిష్కారం సులభం. తల్లీబిడ్డల సంరక్షణ కార్డును పసుపు కుంకుమలతో పాటు సారెలో పెట్టి పంపాలి. టీకా వేసిన తేదీ అంకెల్లో ఉంటుంది గనుక తమిళ లిపిలో ఉన్నా తెలుగు లిపిలో ఉన్నా నర్సమ్మ చదవగలదు. పుట్టింటికి చేరిన వారంలోపు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కార్డు చూపించాలి. బిడ్డ పుట్టిన తరువాత తిరిగి వచ్చేటపుడు, బిడ్డకు వేసిన టీకాల వివరాలూ అందులో రాయించుకుని తెచ్చుకోవాలి. ఈ టీకాలకు ప్రభుత్వ కేంద్రాల్లో పైసా ఖర్చు లేదు, ఏ రాష్ట్రంవారైనా వేయించుకోవచ్చు.

పదకొండు మంచాలతో మొదలైన ఆసుపత్రి నేడు ప్రపంచంలోని అతిపెద్ద నేత్రవైద్య సంస్థల్లో ఒకటి. దేశదేశాల వైద్యులు మదురై వచ్చి అక్కడి పద్ధతులు నేర్చుకుని వెళుతున్నారు. ఇంతటి సంస్థకు మూలం వడమలాపురంలో ముగ్గురు గర్భిణుల అకాల మరణం చూసి చలించిన పదేళ్ల తెలుగు బాలుని సంకల్పం. నాడు ఆ తల్లులకు వైద్యుడు లేడు, మందు లేదు, దారి లేదు. నేడు ఆరోగ్య కేంద్రం ఉంది, నర్సమ్మ ఇంటి గడపకే వస్తున్నది, టీకా ఉచితం. ఇంటికోడలు నెల తప్పిందని తెలిసిన వారంలోనే ఆమె పేరు నమోదు చేయించి, మొదటి టీకా వేయించి, రెండవదాని తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకునే కుటుంబమే డాక్టర్ వెంకటస్వామి ఆశయానికి నిజమైన వారసత్వం వహించినట్లు.